నంబరు రాసి డబ్బాలో వెయ్యి అక్కా!

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ దాటితే కల్వకుర్తి. దాదాపు ఎనభై కిలోమీటర్లు. సెల్ఫీ దిగడానికి ఇక్కడికి ఎవరూ రారు. ఈ ఊరి అసలు ఆస్తి రోడ్లు. ఒకటి జడ్చర్లకు పోతుంది, ఒకటి దేవరకొండ వైపు, ఒకటి నాగర్‌కర్నూల్‌కు, ఒకటి పట్నానికి. చుట్టుపక్కల పల్లెల పత్తి, పల్లి ఇక్కడికే వస్తాయి. పెళ్ళి బట్టలు, ఎరువు బస్తాలు, సెల్‌ఫోన్లు ఇక్కడి నుంచే పల్లెలకు పోతాయి. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. పేరు ఏదైనా పని ఒకటే: కొనుడు, అమ్ముడు.

రాజకీయాలు తెలిసినవాళ్ళకు ఈ ఊరి పేరు చెప్తే ఒక సంగతి గుర్తొస్తుంది. 1989 ఎన్నికల్లో ఎన్టీ రామారావు హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ నిలబడ్డారు. అక్కడ గెలిచారు, ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్‌దాస్ చేతిలో ఓడిపోయారు. అప్పట్లో తెలుగునాట అంతకంటే పెద్ద బ్రాండ్ ఇంకోటి లేదు. ఆ బ్రాండ్‌నే కొనకుండా వెనక్కి పంపిన ఊరు ఇది. అలాంటి ఊళ్ళో ఒక ప్లాస్టిక్ డబ్బా అమ్మాలంటే ఎంత తెలివి కావాలి? అది చూద్దామనే ఇక్కడి ఎగ్జిబిషన్‌లో ఒక స్టాలు పక్కన మూడు సాయంత్రాలు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

రేకుల గోడ వెనక నుమాయిష్

మన దగ్గర ఎగ్జిబిషన్ అనగానే నాంపల్లి నుమాయిష్ గుర్తొస్తుంది. 1938లో ఉస్మానియా గ్రాడ్యుయేట్లు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. 1946లో ఇప్పుడున్న గ్రౌండ్‌కు మారింది. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. చిన్న ఊళ్ళలో కనిపించే ఎగ్జిబిషన్లన్నీ దాని మనవళ్ళే. ఊరి చివర ఖాళీ స్థలం చూసి, చుట్టూ రేకులు కట్టి, జెయింట్ వీల్ నిలబెడతారు. లోపల పళ్ళెమంత అప్పడం, మిర్చి బజ్జి, "ఏది తీసుకున్నా ఇరవై" అని మైకులో అరిచే ప్లాస్టిక్ సామాను.

ఆ అరుపుల మధ్య ఒక స్టాలు మాత్రం అరవదు. ఒక టేబుల్, మీద నీలం గుడ్డ, రంగురంగుల వంటింటి డబ్బాలు. పక్కన మూతకు చీలిక పెట్టిన గాజు జాడీ, దాని నిండా మడత చిట్టీలు. స్టాలు నడిపే అక్క మాకు దూరపు చుట్టం. భర్త సెంట్రింగ్ పనికి పుణె పోయి వస్తుంటాడు. పాలమూరు ఇళ్ళలో ఇదేం కొత్త కాదు. ఇద్దరు పిల్లల ఫీజులు, మహిళా సంఘం లోను కిస్తు ఆమె చూసుకోవాలి. అందుకే ఈ డైరెక్ట్ సెల్లింగ్. కంపెనీ సరుకును దుకాణంలో కాకుండా మనిషి నుంచి మనిషికి అమ్మడం.

అమ్మకం అసలు అమ్మకం కాదు

మొదటి సాయంత్రం నాకు ఒక సంగతి వింతగా అనిపించింది. అక్క డబ్బాలు అమ్మడానికి పెద్దగా తాపత్రయపడటం లేదు. ఎవరైనా "ఎంత?" అంటే ధర చెప్పి ఊరుకుంటోంది. కానీ ఒక డబ్బా నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి పిల్లల చేతికిస్తోంది. పిల్లాడు ఆగితే తల్లి ఆగుతుంది. తల్లి ఆగితే మాట మొదలవుతుంది.

"ఏ ఊరు పెద్దమ్మా?"

"గీడనే, వెల్దండ దిక్కు."

"జర నంబర్ రాసి డబ్బాల వెయ్యిరి. ఆఖరి రోజు డ్రా తీస్తం. పైసలేం ఇయ్యద్దు."

చిట్టీ మీద పేరు, ఊరు, ఫోన్ నంబరుకు చోటుంది. కింద ఇంకో ప్రశ్న ఉంది: 'మీ ఇంటికొచ్చి చూపిస్తే పక్కింటివాళ్ళు ఎంతమంది వస్తారు?' ఆ ఒక్క గీత కోసమే జాడీ, డ్రా, బహుమతి అన్నీ. రాత్రి స్టాలు మూశాక అక్క చిట్టీలన్నీ కింద పోసి మూడు కుప్పలు చేసింది. వట్టిగ బహుమతి కోసం రాసినవి ఒకటి, ఇంటికి పిలిచేవి ఒకటి, 'పని చేసేవి' ఒకటి.

"మూడో కుప్ప ఎట్ల తెలుస్తది అక్కా?" అని అడిగాను.

"కొనేటామె ధర అడుగుతది తమ్మీ. పని చేసేటామె 'నీకెంత మిగుల్తది' అని అడుగుతది. అట్ల అడిగినామె చిట్టీ మూలకు చుక్క పెడ్త."

మార్కెటింగ్ చదువుల్లో దీన్ని ఏమంటారో గానీ, ఇంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. స్టాలులో అమ్మిన డబ్బా ఒక్కసారే పైసలు తెస్తుంది. ఒక ఇల్లు దొరికితే పది మంది దొరుకుతారు. ఆ పది మందిలో ఇంకో రెండు ఇళ్ళు దొరుకుతాయి. అందుకే ఆమె టేబుల్ మీద డబ్బాలకంటే ముందు ఒక క్యాలెండర్ ఉంది. అందులో అప్పటికే కొన్ని తేదీలకు ఎర్ర గీత. ఖాళీ క్యాలెండర్ చూస్తే ఎవరూ తేదీ ఇవ్వరట. "నలుగురు పిలిచినంక మనం పిలుస్తే తప్పేంది" అనిపించాలి. తేదీ అక్కడికక్కడే రాయించుకోవాలి, రెండు రోజుల్లో ఫోన్ చెయ్యాలి. మూడో రోజుకు ఆ డబ్బా సంగతి, ఈ అక్క సంగతి రెండూ మర్చిపోతారు.

ఇంకో చిన్న సంగతి. బయట దేశాల్లో దీన్ని 'పార్టీ' అంటారు. మా దిక్కు పార్టీ అంటే రెండే అర్థాలు: జెండా పట్టుకునేది, దావత్‌లో గ్లాసు పట్టుకునేది. అందుకే అక్క ఆ మాట ఎత్తదు. "ఇంటికొచ్చి చూపిస్త" అంటుంది.

ఫ్లోరిడా నుంచి పాలమూరు దాకా

ఇంటికొచ్చి చూపించే ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఎర్ల్ టప్పర్ అనే ఆయన 1940లలో గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తయారుచేశాడు. దుకాణాల్లో పెడితే అంతగా పోలేదు. మూత ఎలా బిగించాలో చూపించే మనిషి లేకపోతే అది ఉత్త ప్లాస్టిక్. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ ఇళ్ళలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, డబ్బా చేతికిచ్చి అమ్మడం మొదలుపెట్టింది. అమ్మకాలు చూసి టప్పర్ 1951లో ఆమెకే పార్టీల బాధ్యత అప్పగించి, దుకాణాల నుంచి సరుకు తీసేశాడు. ఫ్లోరిడా కేంద్రంగా ఆమె ఆ సైన్యాన్ని నడిపింది. 1954లో 'బిజినెస్ వీక్' పత్రిక ముఖచిత్రంగా వచ్చిన తొలి మహిళ ఆమె. 1958లో అదే కంపెనీ ఆమెను బయటకు పంపేసింది. టప్పర్‌వేర్ 1996లో మన దేశానికి వచ్చింది. 2024 సెప్టెంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది.

ఇళ్ళలో కూర్చుని అమ్మడం మనకు మాత్రం కొత్తా? గాజుల మల్లారం ఎత్తుకుని వచ్చే పెద్దమ్మ, చీరల మూట విప్పి వాయిదాల మీద ఇచ్చే అన్న, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె... అరుగు మీద కూర్చుంటే చాలు, వాడకట్టు ఆడవాళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళు. తేడా ఒక్కటే. గాజులామె "నువ్వు కూడా గాజులమ్ము, నీ కింద ఇంకో ఆరుగుర్ని పెట్టు" అని ఎప్పుడూ అనలేదు.

ఛాయ తాగినంక వట్టిగ పోతరా?

రెండో రోజు మధ్యాహ్నం ఎర్ర గీత పెట్టిన ఒక ఇంటికి అక్కతో పాటు పోయాను. ముందు అర్రలో చాప పరిచారు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తొమ్మిది మంది ఆడవాళ్ళు. ఛాయ, మిక్చర్. అక్క ముందు ఒక ఆట ఆడించింది. తర్వాత డబ్బా చేతి నుంచి చేతికి పంపింది. ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో చూసింది. తర్వాతి మీటింగ్ అడగాల్సింది వాళ్ళనే.

మూలన కూర్చున్న ముసలమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పి, "ఇంట్ల స్టీలు డబ్బాలుండంగ గిదెందుకే బిడ్డా?" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. "నీకు అక్కర్లేదు పెద్దమ్మా, నీ కోడలు డ్యూటీకి పోతది గద, కూర కారకుండ తీస్కపోను" అంది. కోడలు తలొంచుకుని నవ్వింది. ఆ డబ్బా పోయింది.

చివరికి తొమ్మిది మందిలో ఏడుగురు ఏదో ఒకటి రాయించారు. ఒకామెను బయట అడిగితే, "ఆమె మనింటి పక్కామె. పిలిచి ఛాయ పోసింది. తాగినంక వట్టిగ పోతరా తమ్మీ?" అంది.

ఈ వ్యాపారం మొత్తం ఆ మాటలో ఉంది. అక్కడ అమ్ముడుపోయింది డబ్బా కాదు, మొహమాటం. పిలిచిన ఇల్లామెకు ఒక బహుమతి దక్కుతుంది, అక్కకు కమీషన్ వస్తుంది, కంపెనీకి దుకాణం అద్దె, ప్రకటన ఖర్చు మిగులుతాయి. ఆ ఖర్చంతా పక్కింటి స్నేహం లెక్కలోంచి పోతుంది. సరుకు మంచిదై, ధర సరైనదైతే ఆ స్నేహం తట్టుకుంటుంది. లేకపోతే మూడోసారి పిలిచినప్పుడు తలుపు వేసే ఉంటుంది. అక్క మేనత్త ఒకామె ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. ఆ సంగతి అక్కే చెప్పింది, చిట్టీలు సర్దుకుంటూ, తల ఎత్తకుండా.

సరుకే లేని స్టాలు

మూడో సాయంత్రం అసలు సంగతి ఎదురు వరసలో కనిపించింది. అక్కడ ఒక స్టాలు. టేబుల్ మీద సరుకు లేదు. కారు బొమ్మ, సముద్రం బొమ్మ ఉన్న పోస్టరు, నాలుగు కుర్చీలు, ఈ ఎండల్లో టై కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. "ఏం అమ్మాలి అన్నా?" అని ఒకడు అడిగితే, "అది తర్వాత. ముందు నీ ఫోన్‌లో ఉన్న వంద పేర్లు రాయి" అంటున్నారు.

అక్క స్టాలులో పేర్లు రాయించుకునేది డబ్బా అమ్మడానికి. అక్కడ పేర్లే సరుకు.

ఒక్కసారి లెక్క వేద్దాం. ఒకరు ఆరుగుర్ని చేర్చాలి, ఆ ఆరుగురు తలా ఆరుగుర్ని. రెండో మెట్టులో 36 మంది. మూడో మెట్టులో 216. ఆరో మెట్టుకు 46,656. ఏడో మెట్టుకు 2,79,936. ఎనిమిదో మెట్టుకు 16 లక్షల 79 వేల పైచిలుకు. నాగర్‌కర్నూల్ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం తొమ్మిది లక్షల లోపే. అంటే ఎనిమిదో మెట్టు దగ్గర ఉయ్యాలలో ఉన్న పిల్లలతో సహా జిల్లా అయిపోతుంది, ఇంకా సగం మంది తక్కువ పడతారు. చివర చేరినవాడి కింద ఎవరూ ఉండరు. చివర చేరేది ఎప్పుడూ చిన్న ఊరివాడే.

ఇది మన రాష్ట్రాల్లో పాత గాయం. డబ్బు తిప్పే పథకాలను నిషేధిస్తూ 1978లోనే కేంద్రం చట్టం చేసింది. ఆ చట్టం కిందే 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే కేసులో కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 2014 మేలో ఆ కంపెనీ భారత విభాగం అధిపతిని కర్నూలు పోలీసులు అరెస్టు చేశారు. 2019లో సైబరాబాద్ పోలీసులు నోయిడా కేంద్రంగా నడిచిన ఈబిజ్ అనే సంస్థ మీద కేసు పెట్టారు. అందులో చేరినవాళ్ళలో చాలామంది విద్యార్థులు.

2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు రేగి, పొగలో ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. అందరూ పాతికేళ్ళ అటూ ఇటూ వాళ్ళు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నుంచి బతుకుదెరువుకు పట్నం వచ్చినవాళ్ళు. వాళ్ళు పనిచేసిన ఆఫీసుకు నెట్‌వర్క్ మార్కెటింగ్‌తో సంబంధం ఉందని తర్వాత పత్రికల్లో వచ్చింది. మంటలకు కారణం వేరు. కానీ ఆ పిల్లలు ఆ అంతస్తు దాకా ఏ మాట నమ్మి ఎక్కారో ఆలోచిస్తే, ఎదురు స్టాలు ముందు కుర్చీలో కూర్చున్న పిల్లల ముఖాలు నాకు మామూలుగా కనిపించలేదు.

'మూడు నెలలు అమ్ముపో'

అదే సాయంత్రం ఒక అమ్మాయి అక్క టేబుల్ దగ్గరికి వచ్చింది. డిగ్రీ అయిందట, ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయట. ధర అడగలేదు. "నీకెంత మిగుల్తది అక్కా?" అంది. నేను చిట్టీ మూలకు పడబోయే చుక్క కోసం చూశాను.

అక్క చెయ్యి పెన్ను దాకా పోయి ఆగింది. ఈ అమ్మాయిని తన కింద చేర్చుకుంటే, ఆమె అమ్మే సరుకు మీద అక్కకూ కొంత వస్తుంది. ఆ నెల కిస్తు కట్టాల్సిన తేదీ దగ్గర పడింది. ఆ సంగతి నాకూ తెలుసు.

"ఎదురు స్టాల్ల ఏమన్నరు?" అని అడిగింది అక్క.

"పదిహేను వేలు కట్టి చేరుమన్నరు. సంఘంల లోను తీస్కుంటనని అమ్మ అంటున్నది."

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాలుగు డబ్బాలు తీసి సంచిలో పెట్టింది. "పైసలేం కట్టకు. ఇవి తీస్కపో. అమ్మినయి అమ్ము, అమ్మనియి తెచ్చియ్యి. మూడు నెలలు చెయ్యి. మీ పిన్ని, మీ మేనత్త కాకుండ, తెలవనోళ్ళు ఎవరన్న కొన్నరనుకో, అప్పుడు చేరు. చుట్టాలే కొన్నరనుకో, నీకీ పని వద్దు బిడ్డా. సంఘం లోను మాత్రం దీనికి తియ్యకుర్రి."

ఆ అమ్మాయి పోయాక "చుక్క పెట్టవా అక్కా?" అన్నాను. "చూద్దాం తీ" అంది. ఆ చిట్టీ మూడు కుప్పల్లో దేంట్లోనూ వెయ్యలేదు. పర్సులో పెట్టుకుంది.

మీ ఊరి ఎగ్జిబిషన్‌కూ వస్తారు

మీది కల్వకుర్తి కాకపోవచ్చు. మిర్యాలగూడ, అచ్చంపేట, వనపర్తి ఏదైనా కావచ్చు. ఇలాంటి టేబుల్ మీకూ ఎదురవుతుంది. డైరెక్ట్ సెల్లింగ్ తప్పు కాదు. వేలమంది ఆడవాళ్ళు దానితో ఇల్లు నడుపుకుంటున్నారు. కేంద్రం 2021 డిసెంబరు 28న వీటికి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అవి మీ ఫోన్‌లో ఉన్న ఏ యాప్ కంటే ఎక్కువ పనికొస్తాయి.

సరుకు అమ్మితే వచ్చేది కమీషన్. మనిషిని చేర్చినందుకే డబ్బులిస్తామంటే అది పిరమిడ్ పథకం, దాన్ని నడపకూడదు. అమ్మడానికి వచ్చినవాళ్ళ దగ్గర గుర్తింపు కార్డు ఉండాలి, ముందుగా అడిగి, మీరు ఒప్పుకున్నాకే ఇంటికి రావాలి. "ఇంకో నలుగుర్ని చూపిస్తే మీ పైసలు మీకు తిరిగొస్తయ్" అని చెప్పి అమ్మకూడదు. చేరాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మనసు మారితే జరిమానా లేకుండా బయటకు వచ్చే గడువు కూడా ఉండాలి.

టేబుల్ దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. చేరడానికి డబ్బు కట్టాలా? అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటారా? నేను ఎవర్నీ చేర్చకపోయినా, ఉత్త సరుకు అమ్మి బతకగలనా? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చి మిర్చి బజ్జి తినండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930.

ఇక ఆ గాజు జాడీ సంగతి. చిట్టీ మీద మీ నంబరు రాసేముందు ఒక్కసారి ఆగండి. జాడీలో పడేది కాగితం ముక్క కాదు. మీ ఇంటి ముందు అర్ర, మీ అమ్మ పోసే ఛాయ, పక్కింటివాళ్ళ మొహమాటం. వాటి ధర తెలిసినవాళ్ళే వాటిని అడుగుతారు.